హైస్కూలు పిల్లలకు హక్కుల ఉద్యమాలు చెప్పడం: మాంట్‌గోమరీ నుంచి మందస దాకా

తొమ్మిది, పది తరగతుల సాంఘికశాస్త్రంలో ఉద్యమాల పాఠం వచ్చేసరికి మనలో చాలామందిమి ఒకే దారి పడతాం. నాయకుడి పేరు, సంవత్సరం, నాలుగు కారణాలు, నాలుగు ఫలితాలు బోర్డు మీద రాస్తాం. పిల్లలు వాటిని నోటు పుస్తకంలోకి ఎక్కించుకొని, ఎనిమిది మార్కుల ప్రశ్నగా వస్తే పొల్లుపోకుండా అప్పజెప్తారు. అదే విద్యార్థిని నిలబెట్టి, ఆ మనుషులు మొదటి రోజున అడిగింది ఏమిటి, ఎవరి చేతికి కాగితం ఇచ్చారు, అవతలివాళ్ళు ఏమని బదులిచ్చారు అని అడిగితే మాత్రం నోరు పెగలదు. ఒక మహానుభావుడు పిలుపునిచ్చాడు, జనం కదిలారు, న్యాయం గెలిచింది అనే పురాణఫక్కీ కథగానే ఉద్యమం వారి మనసులో మిగిలిపోతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జెడ్పీ ఉన్నత పాఠశాలల్లోనూ, కేజీబీవీల్లోనూ, ఏజెన్సీని ఆనుకొని ఉన్న ఆశ్రమ పాఠశాలల్లోనూ ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులను దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. ఉద్యమాన్ని గాథగా కాక పనిగా చెప్పాలన్నది నా వాదన. ఎవరు కరపత్రం రాశారు, ఎవరు బండి తోలారు, డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, అడిగినదానిలో ఎంత దక్కింది అన్నవి తెలిసినప్పుడే హక్కు అనేది పిల్లలకు పట్టుబడుతుంది.

వరుస గురించి ముందు ఒక మాట. తెలిసిన దాని నుంచి తెలియని దానికి, దగ్గరి నుంచి దూరానికి వెళ్ళాలని మనకు బి.ఎడ్.లో నేర్పారు. మిగతా పాఠాలకు ఆ సూత్రం సరిపోతుంది గాని ఈ పాఠానికి దాన్ని తిరగవేయడమే మేలు. మన తరగతి గదిలో ఊళ్ళోని వీధి పిల్లలూ, కాలనీ పిల్లలూ పక్కపక్కనే కూర్చుంటారు. ఒకరి మేనమామ కానిస్టేబులు కావచ్చు, ఒకరి తండ్రి కంపెనీలో కాంట్రాక్టు పనిచేస్తూ ఉండవచ్చు, ఇంకొకరి ఇంట్లో భూమి పోయి ఉండవచ్చు. దగ్గరి ఉద్యమం పేరు ఎత్తగానే ఎవరి ఇంటి మాట వారి నోట వస్తుంది. అమెరికాలోని మాంట్‌గోమరీ నగరం విషయంలో మన పిల్లల్లో ఎవరికీ పక్షం లేదు. అక్కడ ప్రశ్నలు అడగడం నేర్చుకుంటే, అవే ప్రశ్నలను ఇంటి దగ్గరకు తెచ్చినప్పుడు చెయ్యి తిరిగి ఉంటుంది.

ప్రశ్నలు ఐదు. ఏమి అడిగారు? ఎవరిని అడిగారు? అడిగేనాటికి ఏ చట్టం, ఏ తీర్మానం వారి పక్షాన ఉంది, ఏది ఎదురుగా ఉంది? ఎవరెవరు ఏ పని చేశారు, నష్టం ఎవరు భరించారు? చివరకు ఏది వచ్చింది, ఏది రాలేదు? వీటిని డ్రాయింగు షీటు మీద రాయించి, పాఠం పూర్తయ్యేవరకు గోడకు ఉంచండి.

మాంట్‌గోమరీకి రెండు పీరియడ్లు

మొదటి పీరియడు బోర్డు మీద బస్సు గీయడంతో మొదలుపెట్టండి. 1955 నాటి మాంట్‌గోమరీ సిటీ బస్సులో 36 సీట్లు ఉండేవి. ముందున్న 10 తెల్లవారివి, వెనుకనున్న 10 నల్లవారివి, మధ్యలోని 16 సీట్లలో నల్లవారు కూర్చోవచ్చు గాని తెల్లవారికి చోటు చాలకపోతే లేవాలి. డిసెంబరు 1న రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ కూర్చున్నది ఈ మధ్య భాగపు మొదటి వరుసలో. ఎక్కిన తెల్లజాతి ప్రయాణికుల్లో ఒక్కరికే సీటు కావలసి ఉండగా ఆ వరుసలోని నలుగురినీ లేవమన్నారు. ముగ్గురు లేచారు, ఆమె లేవలేదు. ఒక్క మనిషి కోసం నలుగురు ఎందుకు లేవాలి అని అడిగి కాసేపు ఆగండి. తెల్లవారూ నల్లవారూ ఒకే వరుసలో కూర్చోకూడదన్నదే అసలు నియమమనే సంగతి ఎవరో ఒకరు పట్టుకుంటారు. మీరే చెప్పేస్తే ఆ ప్రశ్న వృథా అవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. బెంచీలనే బస్సుగా మార్చి, కొందరిని తెల్లవారిగానూ కొందరిని నల్లవారిగానూ నటింపజేయాలని ఉత్సాహం పుడుతుంది. దయచేసి ఆ పని చేయవద్దు. ఇంట్లోనో వీధిలోనో ‘లే’ అనిపించుకున్న పిల్ల తరగతిలో మళ్ళీ ఆ మాట పడవలసి వస్తుంది, తక్కినవారు నవ్వుతారు, మీరు ఎంత సర్దిచెప్పినా ఆ నవ్వు ఆమెతోనే ఇంటికి వెళ్తుంది. సుద్దముక్కతో గీసిన సీట్లు, వాటి మీద అంకెలు చాలు.

తరువాత క్లాడెట్ కాల్విన్ గురించి చెప్పండి. రోజా పార్క్స్ అరెస్టుకు తొమ్మిది నెలల ముందే, 1955 మార్చి 2న, అదే నగరంలో సీటు వదలనని అరెస్టయిన విద్యార్థిని ఆమె. అప్పటికి ఆమెకు 15 ఏళ్ళు, అంటే మన పదో తరగతి పిల్లల వయసు. ఆమె అరెస్టు మీద నాయకులు బస్సుల బహిష్కరణకు పిలుపునివ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో పిల్లలను ఊహించనివ్వండి. వయసు, ఆడపిల్ల, పేదరికం, కోర్టులో నిలబడగలదా అన్న అనుమానం అంటూ వారు చెప్పే కారణాలు చాలావరకు నిజానికి దగ్గరగానే ఉంటాయి. ఉద్యమాలు కూడా లోపల లెక్కలు వేసుకుంటాయని, ఆ లెక్కల్లో కొందరు వెనక్కి నెట్టబడతారని తెలుసుకోవడం గౌరవానికి భంగం కాదు.

రెండవ పీరియడు మొత్తం పని గురించే. రోజా పార్క్స్ అరెస్టయిన రాత్రే జో ఆన్ రాబిన్‌సన్ అనే కళాశాల అధ్యాపకురాలు ఇద్దరు విద్యార్థుల సాయంతో తెల్లవార్లూ కూర్చొని, బస్సులు ఎక్కవద్దని కోరే వేల కరపత్రాలు సైక్లోస్టైల్ తీయించారు. మార్టిన్ లూథర్ కింగ్ అప్పటికి 26 ఏళ్ళ పాస్టరు. ఆయన రంగం మీదికి వచ్చేసరికే ఈ కరపత్రాలు ఇళ్ళకు చేరిపోయాయి. నగరంలోని నల్లవారు బస్సులు ఎక్కకుండా 381 రోజులు గడిపారు. అన్ని రోజులు జనం పనికి ఎలా వెళ్ళారన్నదే ఈ పీరియడుకు గుండెకాయ. టాక్సీవారు బస్సు చార్జీకే ఎక్కించుకుంటే, కనీస చార్జీ తీసుకోవాలని నగర యంత్రాంగం పట్టుబట్టింది. అప్పుడు సొంత కార్లను జమచేసి, ఏ వేళకు ఏ మూల నుంచి బయలుదేరాలో పట్టికలు వేసుకున్నారు. చర్చిలు స్టేషన్ వ్యాగన్లు కొన్నాయి. వాటికి బీమా రద్దు చేయిస్తే లండన్ లాయిడ్స్ ద్వారా బీమా తెచ్చుకున్నారు. చాలామంది నడిచారు.

ఇది విన్న తరువాత పిల్లలను గుంపులుగా చేసి ఒక పని అప్పగించండి. ఊరి నుంచి ఆమదాలవలసకో, నరసన్నపేటకో, బొబ్బిలికో వారం రోజులు బస్సు ఎక్కకుండా పనివాళ్ళను చేర్చాలంటే ఎన్ని ఆటోలు కావాలి, ఆయిల్ డబ్బులు ఎవరిస్తారు, ఉదయం ఎక్కించే చోట పేర్లు ఎవరు రాస్తారు, జ్వరం వచ్చిన డ్రైవరు స్థానంలో ఎవరు వెళ్తారు అన్నవి కాగితం మీద వేయించండి. లెక్కల్లో వెనుకబడిన పిల్లలు కూడా ఈ లెక్కకు చెయ్యెత్తుతారు. 381 రోజులు అన్న అంకె అప్పుడు గాని బరువెక్కదు.

చివరి పావుగంట కోరికల కోసం ఉంచండి. మాంట్‌గోమరీ ఉద్యమం మొదట అడిగినవి మూడే. డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి. నల్లవారు వెనుక నుంచీ తెల్లవారు ముందు నుంచీ కూర్చుంటూ వచ్చినా, ఎవరు ముందు వస్తే వారిది సీటు కావాలి, ఒకసారి కూర్చున్నవారిని లేపకూడదు. నల్లవారు ఎక్కువగా ప్రయాణించే రూట్లలో నల్లజాతి డ్రైవర్లను పెట్టుకోవాలి. వేరు సీట్ల పద్ధతిని రద్దు చేయమని వారు తొలుత అడగనే లేదు. పిల్లలు నమ్మరు, మళ్ళీ చెప్పమంటారు. ఆ చిన్న కోరికను కూడా కాదన్న తరువాతనే, 1956 ఫిబ్రవరి 1న, పద్ధతినే ప్రశ్నిస్తూ ఐదుగురు మహిళలు ఫెడరల్ కోర్టులో దావా వేశారు, వారిలో ఒకరు తరువాత తప్పుకున్నారు. మిగిలిన నలుగురిలో క్లాడెట్ కాల్విన్ ఉంది, రోజా పార్క్స్ లేదు. నవంబరు 13న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, డిసెంబరు 21న జనం మళ్ళీ బస్సు ఎక్కారు. వీధిలో నడక, కోర్టులో దావా రెండూ కలిసి సాధించిన ఫలితం అది. ఒక్కదాన్నే చెప్పడం పొరపాటు.

1964 నాటి పౌరహక్కుల చట్టం, 1965 నాటి ఓటు హక్కు చట్టం దీని తరువాతి మెట్లు. వాటికి ఐదు నిమిషాలు చాలు.

మహద్ చెరువు

మన దేశానికి రాగానే 1927కు వెళ్ళండి. బొంబాయి శాసనమండలి 1923లోనే ప్రజాధనంతో నడిచే బావులు, చెరువులు అంటరానివారికి తెరిచి ఉంచాలని తీర్మానించింది. ఇప్పటి మహారాష్ట్రలోని మహద్ పురపాలక సంఘం 1924లో తన చవదార్ చెరువుకు దాన్ని వర్తింపజేసింది. కాగితం మీద హక్కు వచ్చి మూడేళ్ళయినా ఎవరూ ఆ నీరు తాగలేదు, తాగనివ్వలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వెంట వేలమంది నడిచి వెళ్ళి ఆ నీరు దోసిట పట్టారు. ఆ తరువాత దాడులు జరిగాయి, కేసు నడిచింది, బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చేసరికి 1937 అయింది.

మూడవ ప్రశ్నను ఇక్కడ గట్టిగా అడగాలి. మాంట్‌గోమరీలో చట్టం ఎదురుగా ఉంది, మహద్‌లో తీర్మానం పక్కనే ఉంది. రెండు చోట్లా మనుషులు నడవవలసే వచ్చింది. రాజ్యాంగం 17వ అధికరణాన్ని, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని ఈ పాఠం వెనువెంటనే చెబితే, అంటరానితనం రద్దయిందన్న వాక్యం తరువాత మళ్ళీ ఒక చట్టం ఎందుకు చేయవలసి వచ్చిందో పిల్లలకు విడిగా వివరించనక్కరలేదు.

ఇంటి దగ్గరికి

మందస జమీందారీ రైతుల పోరాటం శ్రీకాకుళం జిల్లాలో చెప్పడానికి అన్నిటికంటే అనువైనది. పక్షాలు చల్లబడేంత కాలం గడిచింది, ఊళ్ళ పేర్లు మాత్రం పిల్లలకు తెలిసినవే. అడవి నుంచి కలప, వంటచెరకు తెచ్చుకోవడం తమ హక్కన్న రైతులకూ, అడవి తనదన్న జమీందారుకూ మధ్య మొదలైన తగాదా అది. అరెస్టులకు వచ్చిన పోలీసులను గుడారి రాజమణిపురంలో అడ్డుకున్నప్పుడు, 1940 ఏప్రిల్ 1న, కాల్పులు జరిగాయి. సాసుమాన గున్నమ్మ, ఆమెతో పాటు మరికొందరు మరణించారు.

గున్నమ్మ ప్రాణమిచ్చింది, జమీందారీలు పోయాయి అని రెండు ముక్కల్లో తేల్చేయడం మనకు అలవాటు. ఆ రెండు ముక్కల మధ్య ఏముందో చూపించడమే పాఠం. 1937–38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు నడిచి వెళ్ళిన యాత్ర ఉంది. జమీందారీ ప్రాంతాలపై విచారణ జరిపి 1938లో నివేదిక ఇచ్చిన ప్రకాశం పంతులు సంఘం ఉంది. కాల్పులకు కొద్ది రోజుల ముందు, 1940 మార్చిలో, పలాసలో జరిగిన అఖిల భారత కిసాన్ సభ ఉంది. జమీందారీ రద్దు చట్టం 1948లో గాని రాలేదు. ఈ తేదీలను కాగితపు ముక్కల మీద రాసి, వరుస చెడగొట్టి, పిల్లలతో పేర్పించండి. మరో చిన్న సంగతి కూడా చెప్పాలి. 1940 నాటి కాగితాల్లో శ్రీకాకుళం జిల్లా కోసం వెతికితే దొరకదు, ఈ జిల్లా 1950లో ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. పాత పటాలు చూసేటప్పుడు ఇది తెలియకపోతే తికమక పడతారు.

ఏజెన్సీ గిరిజన ఉద్యమం దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. అది హింసతో ముడిపడిందని కొందరు ఉపాధ్యాయులు పూర్తిగా దాటేస్తారు. మరికొందరు వీరగాథగా పాడేస్తారు. రెండూ పాఠాన్ని చెడగొడతాయి. నా సలహా ఏమిటంటే దాన్ని మూడు భాగాలుగా విడదీయండి. మొదటి భాగం భూమి, వడ్డీ, వెట్టి. షావుకార్ల అప్పులకు కొండపోడు భూములు ఎలా చేతులు మారాయి, పాలేరు జీతం ఏమిటి, గిరిజన సంఘం ఏమి అడిగింది అన్నవి. సంఘాన్ని కట్టిన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళే, జనం వారిని మాస్టారనే పిలిచేవారు. ఈ మాట మన వృత్తివారికి కాస్త గుచ్చుకుంటుంది. రెండవ భాగం 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర జరిగిన కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు మరణించడం, ఆ తరువాత ఉద్యమం ఆయుధాల దారి పట్టడం, ఇరువైపులా ప్రాణాలు పోవడం, 1970 జూలైలో నాయకులిద్దరూ పోలీసుల చేతిలో మరణించడం. దీన్ని పొగడకుండా, తిట్టకుండా, జరిగిన క్రమంలో చెప్పండి. మూడవ భాగం చట్టం. ఏజెన్సీలో భూ బదలాయింపుపై 1959 నాటి నిబంధన ఉంది, దాన్ని 1970లో సవరించారు. మన పిల్లలు ఇంట్లో వినే వన్ సెవెంటీ (1/70) ఇదే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచే వచ్చిందని ముందుగా భావించాలని, కాదని రుజువు చేసుకునే భారం ఆ గిరిజనేతరుడిదేనని ఆ సవరణ చెప్పింది. రుజువు భారం ఎవరి మీద ఉండాలన్న ఒక్క ప్రశ్న మీద పదో తరగతి పిల్లలు అరగంట వాదించగలరు. ఆయుధం సరైనదా కాదా అన్న చర్చకంటే అది చాలా ఉపయోగకరం.

ఇటీవలి ఘటనలను అందరూ అన్ని చోట్లా చెప్పనక్కరలేదు. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న ఆందోళనపై 2010 జూలై 14న, కాకరాపల్లి తంపర (నీరు నిలిచే పల్లపు నేల) దగ్గర 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. విజయనగరం వైపు పిల్లలకు వీటిని చెప్పవచ్చు. అవే మండలాల్లోని బడిలో అయితే కాల్పుల దగ్గర కాకుండా ప్రజాభిప్రాయ సేకరణ దగ్గర మొదలుపెట్టండి. పెద్ద ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ఊరివాళ్ళ మాట వినాలన్న నియమం ఏమిటి, ఆ సభలో ఎవరు మాట్లాడవచ్చు, మినిట్స్ ఎవరు రాస్తారు అన్నవి. 2012 జూన్ 12న ఐదుగురు దళితులు హత్యకు గురైన లక్ష్మింపేట విషయంలో నా అభిప్రాయం ఇంకా కచ్చితం: ఆ చుట్టుపక్కల బడుల్లో దాన్ని చర్చకు పెట్టవద్దు. ఇరువైపుల కుటుంబాల పిల్లలు ఒకే గదిలో ఉన్నప్పుడు వారి ముఖాలను పాఠం చేయడం బోధన అనిపించుకోదు. చట్టం చెప్పండి, చాలు.

144 అంటే ఏమిటి

పిల్లలు రాజ్యాంగంలోని 19వ అధికరణాన్ని చదువుతారు, బయటకు వెళ్తే గుమికూడవద్దని ఆదేశించే 144 సెక్షన్, పోలీసు యాక్టు 30 అమల్లో ఉన్నాయని మైకులో వింటారు. ఈ రెంటినీ ఒక పీరియడులో కలపాలి. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశం కావడం హక్కు. దేశ సమగ్రత, శాంతిభద్రతల కోసం ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చు. సహేతుకం అన్న ఆ మాటను ఎవరు తేలుస్తారన్నదే అసలు విషయం. ఊరేగింపులకు ముందుగా అనుమతి తీసుకోమనే అధికారాన్ని 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్ ఇస్తుంది. 144 మాత్రం ఇప్పుడు పేరుకే మిగిలింది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 163వ సెక్షన్. మైకులో ఇంకా పాత అంకే వినిపిస్తుంది కాబట్టి రెండూ రాయించండి.

ఈ పీరియడులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: ‘మాస్టారూ, మీరూ కలెక్టరాఫీసు దగ్గర ధర్నాకి వెళ్ళారు కదా?’ నవ్వి దాటేయవద్దు. సంఘం తరఫున వెళ్ళి ఉంటే వెళ్ళానని, ఏమి అడిగామో, సెలవు ఎలా పెట్టుకున్నామో, ఏది వచ్చిందో చెప్పండి. ప్రభుత్వ ఉద్యోగి ప్రవర్తనా నియమాల ప్రకారం పార్టీ రాజకీయాల్లో పాల్గొనకూడదన్న సంగతి కూడా అక్కడే చెప్పండి. తరగతిలో ఏ పార్టీ పేరూ మీ నోట రాకూడదన్నది దాని నుంచే వస్తుంది. ఏయే ఉద్యమాలు చెప్పబోతున్నారో రాసి హెచ్.ఎం. గారికి ముందే ఒక కాగితం ఇచ్చి ఉంచితే, తరువాత ఎవరైనా అడిగినా మీరు ఒంటరి కారు.

పెద్దల మాట రాసుకోవడం

ఇంటి దగ్గర పెద్దవారిని అడిగి రమ్మనే పని పిల్లలకు ఇష్టం. అయితే ‘ఉద్యమం గురించి చెప్పండి’ అంటే ఎవరూ ఏమీ చెప్పరు. శిస్తు ఎవరికి కట్టేవారు, బడిలో ఎక్కడ కూర్చోబెట్టేవారు, టీ కొట్టులో గ్లాసు ఎవరు కడిగేవారు, నూతి దగ్గర ఎవరు ముందు తోడుకునేవారు అన్నట్టు ఒక్కో వస్తువు పట్టుకొని అడగమనండి. చెప్పినదాన్ని చెప్పినట్టే రాయాలి. ‘అప్పుడు నాం సిన్నపిల్లలం, మాకేటి తెల్సు’ అని అవ్వ అంటే దాన్ని పుస్తక భాషలోకి దిద్దనవసరం లేదు. రాయవద్దన్నది రాయకూడదు, పేర్లు మార్చి రాయాలి, ఈ రెండు షరతులూ బయలుదేరే ముందే చెప్పాలి. తెచ్చిన కాగితాలను తరగతిలో గట్టిగా చదివించే ముందు మీరు ఒకసారి చూసుకోండి. కొన్నిటిని చదివించకుండా ఆ పిల్లతో విడిగా మాట్లాడవలసి ఉంటుంది.

పరీక్ష, అర్జీ

ఎఫ్.ఏ. (నిర్మాణాత్మక మూల్యాంకనం)లో ప్రాజెక్టు మార్కులకు ఈ పాఠం బాగా ఒదుగుతుంది. ‘మాంట్‌గోమరీ ఉద్యమ ఫలితాలు రాయండి’ అనే బదులు ‘మొదటి మూడు కోరికలను నగరం వెంటనే ఒప్పుకొని ఉంటే ఏమి జరిగేది, ఏమి జరిగేది కాదు?’ అని అడగండి. గైడులో జవాబు దొరకదు కాబట్టి పిల్లలు తాము విన్నదాన్నే తిరగేసుకుంటారు. పబ్లిక్ పరీక్షలో వచ్చే మామూలు ప్రశ్నకు కూడా ఇలా చదివినవారు వెనుకబడరు. కారణాలు, ఫలితాలు వారికి అప్పటికే తెలిసి ఉంటాయి.

ఆఖరుగా తరగతి అంతా కలిసి ఒక అర్జీ రాయాలి. ఊహాత్మకం వద్దు, నిజంగా ఇవ్వదగినది కావాలి. బడి విడిచే వేళకు బస్సు లేకపోతే ఆర్టీసీ డిపో మేనేజరుకు, కుళాయి పాడైతే పంచాయతీకి. ఏమి కోరుతున్నామన్నది మొదటి వాక్యంలోనే ఉండాలి, ఎంతమందికి ఇబ్బంది అన్నది లెక్కతో ఉండాలి, ఎప్పటిలోగా అన్నది ఉండాలి, తిట్టు ఒక్కటీ ఉండకూడదు. పిల్లలు తొలి ముసాయిదాలో ‘దయగల తమరు’ అని మొదలుపెడతారు. అడుగుతున్నది దయనా, సేవనా అని అడిగి, తుది రూపం వారికే వదలండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పంపదలచుకుంటే పిల్లలను వెంట తీసుకెళ్ళనక్కరలేదు, తల్లిదండ్రుల కమిటీ సభ్యుల చేతికి ఇవ్వండి. ముట్టినట్టు రసీదు నంబరు తీసుకొని, నకలుతో పాటు తరగతి ఫైలులో ఉంచండి. జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి, ఏప్రిల్‌లో తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ ఫైలు అప్పగించే ఇద్దరిని ముందే ఎన్నుకోండి.